అంగారక అయనావరణం: టూ-వే ఎక్స్ బ్యాండ్ అకల్టేషన్ ప్రొఫైల్ లెక్క కుదరడం లేదు, ఎక్కడ వెతకాలి?

#1 పినాకిని

అందరికీ నమస్తే. అంగారకుడి చుట్టూ తిరిగే నౌక రేడియో అకల్టేషన్ (నౌక గ్రహం చాటుకు పోతుండగా దాని రేడియో కిరణం ఎంత వంగిందో కొలిచే పద్ధతి) డేటా నుంచి ఎలక్ట్రాన్ సాంద్రత ప్రొఫైల్ తీస్తున్నాను. అప్‌లింక్, డౌన్‌లింక్ రెండూ ఎక్స్ బ్యాండే, టూ-వే (భూమి నుంచి వెళ్లిన సిగ్నల్‌ను నౌక తిప్పి పంపేది), ఇంగ్రెస్ (నౌక గ్రహం చాటుకు వెళ్లే ఘట్టం). టాంజెంట్ పాయింట్ (కిరణం గ్రహానికి అతి దగ్గరగా వచ్చే చోటు) 65 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. సౌర జెనిత్ కోణం (నడినెత్తి నుంచి సూర్యుడు ఎంత వాలాడో చెప్పేది) 78 డిగ్రీలు.

నా వరస ఇది: ఓపెన్ లూప్ రిసీవర్ ఐ/క్యూ (ముడి సిగ్నల్) శాంపిళ్లు తీసుకుని, 1 సెకను ఎఫ్ఎఫ్‌టీలతో (ఫూరియే రూపాంతరాలతో) ఫ్రీక్వెన్సీ కొలిచి, కక్ష్య నుంచి వేసిన అంచనా ఫ్రీక్వెన్సీని అందులోంచి తీసేస్తున్నాను. టూ-వే కాబట్టి మిగిలినదాన్ని 2తో భాగించి, వంపు కోణం కట్టి, ఏబెల్ ఇన్వర్షన్ (వంపు కోణాల నుంచి ఒక్కో ఎత్తులో వక్రీభవనాన్ని రాబట్టే లెక్క) చేస్తున్నాను. ఎత్తు కోసం సగటు వ్యాసార్ధం 3389.5 కి.మీ. తీసేస్తున్నాను. బేస్‌లైన్ (కక్ష్యా అంచనాలో మిగిలిపోయే తేడా) దిద్దుబాటు ఇంకా పెట్టలేదు.

వస్తున్నది ఇది: శిఖరం 128 కి.మీ. దగ్గర, ఘ.సెం.మీ.కు 97,000 ఎలక్ట్రాన్‌లు. దాదాపు 90 కి.మీ. కింద సాంద్రత రుణాత్మకం, 60 కి.మీ. దగ్గర మైనస్ 15,000. పైన 350 కి.మీ. దాటినా సున్నాకు రాకుండా 3,000 దగ్గర వేలాడుతోంది.

చాప్‌మన్ సూత్రంలో (సూర్యకాంతి వల్ల పుట్టే పొర ఆకారాన్ని చెప్పేది), సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పటి శిఖరం 122 కి.మీ., 1,80,000 అనీ, స్కేల్ హైట్ (గాలి సాంద్రత సుమారు 2.7 రెట్లు తగ్గడానికి పట్టే ఎత్తు) 10 కి.మీ. అనీ పెడితే 78 డిగ్రీల దగ్గర 138 కి.మీ., 82,000 రావాలి. సాంద్రత ఎక్కువ, ఎత్తు తక్కువ. రెండూ ఒకే తప్పు వల్లనా?

#2 డాప్లర్‌దాసు

ఒకే తప్పు కాదండీ, వేర్వేరు తప్పులు. ముందు సాంద్రత సంగతి. అసలు దోషి ఆ 2తో భాగించడమే.

ప్లాస్మా వల్ల వచ్చే డాప్లర్ మార్పు ఫ్రీక్వెన్సీకి విలోమానుపాతం. మీ అప్‌లింక్ సుమారు 7.2 గిగాహెర్ట్జ్, డౌన్‌లింక్ 8.4. నౌకలోని ట్రాన్స్‌పాండర్ వచ్చిన ఫ్రీక్వెన్సీని 880/749తో గుణించి తిప్పి పంపుతుంది. అంటే పైకి వెళ్లేటప్పుడు పడ్డ మార్పు డౌన్‌లింక్ మార్పు కంటే 880/749 రెట్లు పెద్దది, ఫ్రీక్వెన్సీ తక్కువ కాబట్టి. తిరిగి పంపేటప్పుడు అదే నిష్పత్తితో మరోసారి పెరుగుతుంది. కాబట్టి భూమి మీద మీరు కొలిచే మొత్తం, డౌన్‌లింక్ ఒక్కదాని మార్పుకు 1 + (880/749)² రెట్లు, అంటే 2.38 రెట్లు.

2తో భాగిస్తే సాంద్రత 19 శాతం ఎక్కువ వస్తుంది. మీ 97,000ను 2తో గుణించి 2.38తో భాగించండి.

#3 పినాకిని

81,500! ధన్యవాదాలు దాసుగారూ. మరి మిగతా బ్యాండ్‌లలోనూ ఇదే గుణకమా?

#4 నక్షత్రకుడు

కాదు. ఎస్ బ్యాండ్‌లో వెళ్లి ఎస్ బ్యాండ్‌లోనే వస్తే నిష్పత్తి 240/221, గుణకం 2.18. ఎక్స్‌లో వెళ్లి ఎస్‌లో వస్తే నిష్పత్తి 240/749, గుణకం 1.10 మాత్రమే. అక్కడ అప్‌లింక్ వాటా పదో వంతు. నౌకలోనే అల్ట్రా స్టేబుల్ ఆసిలేటర్ ఉండి వన్-వే పంపితే గుణకం 1. మార్స్ గ్లోబల్ సర్వేయర్ నౌక 1998 నుంచి 2005 వరకు ఇచ్చిన 5,600 ప్రొఫైళ్లు అలా వన్-వేలో వచ్చినవే.

ఇక్కడ పేచీ ఒకటుంది. 2.38 అనేది ప్లాస్మాకే చెల్లుతుంది. కింది తటస్థ వాతావరణం ఫ్రీక్వెన్సీలను విడదీయదు. దానివల్ల వచ్చే డాప్లర్ ఫ్రీక్వెన్సీకి అనులోమం కాబట్టి అక్కడ గుణకం సరిగ్గా 2. ఒకే ప్రొఫైల్‌లో పైభాగానికి 2.38, ఉపరితలం దగ్గర ఉష్ణోగ్రత, పీడనం తీయడానికి 2. రెండూ కలిసే మధ్య ఎత్తుల్లో ఏ గుణకం పెట్టినా పూర్తిగా ఒప్పు కాదు. అందుకే ఫైల్‌లో ఏ గుణకం వాడారో హెడర్‌లో రాసిపెట్టండి. తర్వాత చూసేవాళ్లకు అది కనిపెట్టే దారి ఉండదు.

#5 మూడో గ్రహం

ఎత్తు సంగతి నేను చెప్తాను.

అంగారకుడు గుండ్రంగా లేడు. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 3396.2 కి.మీ., ధ్రువాల దగ్గర 3376.2. తేడా 20 కి.మీ. 65 డిగ్రీల అక్షాంశంలో దీర్ఘవృత్తజం వ్యాసార్ధం సుమారు 3379.8. మీరు 3389.5 తీసేశారు, అంటే దాదాపు 10 కి.మీ. ఎక్కువ తీసేశారు. 128కి ఆ పది కలిపితే 138. ఇదే లెక్క భూమధ్యరేఖ దగ్గర చేస్తే తప్పు ఎదురువైపు తిరుగుతుంది, శిఖరం 7 కి.మీ. ఎక్కువ ఎత్తున కనబడుతుంది. సగటు వ్యాసార్ధంతో అక్షాంశాల వారీగా శిఖరం ఎత్తు గీస్తే అందమైన ధోరణి ఒకటి కనిపిస్తుంది. అది అయనావరణంది కాదు, గ్రహం ఆకారానిది.

ఇంకో చిన్న మెలిక. ఏబెల్ ఇన్వర్షన్ పొరలను గోళాకారం అనుకుంటుంది. ఆ గోళానికి కేంద్రం గ్రహ కేంద్రమేనా, లేక టాంజెంట్ పాయింట్ దగ్గరి స్థానిక వక్రతా కేంద్రమా? 65 డిగ్రీల దగ్గర గ్రహ కేంద్రం నుంచి గీసిన నిలువుకూ అసలు నిలువుకూ మధ్య పావు డిగ్రీ తేడా ఉంటుంది. కిరణం ఉత్తర-దక్షిణ దిశలో సాగుతుంటే, అటూ ఇటూ 265 కి.మీ. దూరంలో పొరలు కిలోమీటరు పైచిలుకు వాలినట్టు లెక్కలోకి వస్తాయి. తూర్పు-పడమర కిరణమైతే ఈ బాధ లేదు. స్థానిక వక్రతా కేంద్రానికి మార్చుకోవడం నాలుగు పంక్తుల కోడ్. చేసేయండి.

ఒక హెచ్చరిక. చాప్‌మన్ అంచనాతో సరిపోయింది కదా అని వ్యాసార్ధం సరైందని రుజువు చేసుకోకండి. శిఖరం ఎత్తు కింది వాతావరణం మీద ఆధారపడుతుంది. దుమ్ము తుఫాను కింది గాలిని వేడెక్కిస్తే మొత్తం గాలి ఉబ్బి శిఖరాన్ని పైకి నెడుతుంది. 1971లో మారినర్ 9 చేరేసరికి గ్రహమంతా దుమ్ము. అప్పటి ప్రొఫైళ్లలో శిఖరం మామూలు కన్నా బాగా ఎత్తున ఉంది. రుతువుతోనూ మారుతుంది. అందుకని వ్యాసార్ధం జ్యామితి నుంచి రావాలి, మనం ఆశించే జవాబు నుంచి కాదు.

#6 శబ్దభేది

మీరు చెప్పిన వరసలో నన్ను భయపెట్టింది 1 సెకను ఎఫ్ఎఫ్‌టీ. అందులో బిన్ వెడల్పు 1 హెర్ట్జ్. మీరు వెతుకుతున్న సిగ్నల్ ఎంతో చూద్దాం.

ప్లాస్మాలో వక్రీభవన గుణకం 1 − 40.3 × సాంద్రత ÷ ఫ్రీక్వెన్సీ² (సాంద్రత ఘన మీటరుకు, ఫ్రీక్వెన్సీ హెర్ట్జ్‌లలో). ఘన మీటరుకు 10^11, అంటే ఘ.సెం.మీ.కు లక్ష ఎలక్ట్రాన్‌లు ఉంటే 8.4 గిగాహెర్ట్జ్ దగ్గర 1 నుంచి తేడా 5.7 × 10^-8. స్కేల్ హైట్ 10 కి.మీ. అనుకుంటే కిరణం వంపు 2.7 మైక్రోరేడియన్‌లు. కిరణానికి అడ్డంగా నౌక వేగం సెకనుకు 3.5 కి.మీ. అయితే డౌన్‌లింక్ మార్పు 0.26 హెర్ట్జ్, టూ-వేలో 0.6 హెర్ట్జ్. ఇదీ మీ మొత్తం అయనావరణం. గరిష్ఠ బిన్ ఏదో చూసి ఫ్రీక్వెన్సీ రాసుకుంటే తప్పే అర హెర్ట్జ్ దాకా ఉండొచ్చు.

మీ ప్రొఫైల్ నునుపుగా ఉందంటే ఎక్కడో ఇంటర్‌పోలేషన్ జరుగుతున్నట్టే. అయినా పద్ధతి ఇలా మార్చుకోండి. ముందు అంచనా ఫేజ్‌తో శాంపిళ్లను గుణించి సిగ్నల్‌ను సున్నా దగ్గరకు తెండి. స్పెక్ట్రోగ్రామ్ గీసి, గీత ఒకటే ఉందా, ఎక్కడైనా తెగిందా కళ్లతో చూడండి. లో-పాస్ ఫిల్టర్ వేసి సెకనుకు 100 శాంపిళ్లకు తగ్గించండి. తర్వాత 0.5 సెకను విండోలు, సగం సగం ఒకదానిపై ఒకటి పడేలా. ప్రతి విండోలో సున్నాలు నింపిన ఎఫ్ఎఫ్‌టీతో మొదటి అంచనా, దాని మీద ఫ్రీక్వెన్సీ, ఫేజ్, ఆంప్లిట్యూడ్‌లకు లీస్ట్ స్క్వేర్స్.

విండో ఎంత ఉండాలి? సిగ్నల్-నాయిస్ 40 డెసిబెల్-హెర్ట్జ్ ఉంటే 1 సెకను విండోలో సిద్ధాంతపరంగా సాధ్యమైన కనీస దోషం 4 మిల్లీహెర్ట్జ్. 0.5 సెకనుకు 11. ఎందుకంటే దోషం విండో పొడవు ఒకటిన్నర ఘాతానికి విలోమంగా మారుతుంది. పైన చెప్పిన 0.6 హెర్ట్జ్‌తో పోల్చుకుంటే 4 మిల్లీహెర్ట్జ్ అంటే ఘ.సెం.మీ.కు సుమారు 600, 11 అంటే 1,750. మరోపక్క కిరణం సెకనుకు 1 నుంచి 3 కి.మీ. కిందికి దిగుతుంది, కాబట్టి విండో పెంచితే ఎత్తులో స్పష్టత పోతుంది. నౌక నుంచి టాంజెంట్ పాయింట్‌కు 5,000 కి.మీ. ఉంటే తరంగదైర్ఘ్యం × దూరం వర్గమూలం (ఫ్రెనెల్ పరిమితి) 420 మీటర్లు. అంతకంటే సన్నని వివరం ఈ పద్ధతిలో ఎలాగూ కనబడదు. 100 మీటర్లకో పాయింట్ ఇచ్చి సూక్ష్మ నిర్మాణం కనిపించిందని సంబరపడొద్దు.

#7 పినాకిని

పారాబోలా ఇంటర్‌పోలేషన్ ఉందండీ, కానీ విండో ఫంక్షన్ లేదు. లీస్ట్ స్క్వేర్స్‌కు మారుస్తున్నాను. అంచనా ఫ్రీక్వెన్సీ విషయంలో ఒక సందేహం. స్పైస్ టూల్‌కిట్‌లో (నౌకలు, గ్రహాల స్థానాలు లెక్కించే నాసా సాఫ్ట్‌వేర్) స్థానాలు అడిగేటప్పుడు కాంతి ప్రయాణ కాలం, స్టెల్లార్ అబెరేషన్ రెండూ దిద్దే ఎంపిక పెట్టాను. సరేనా?

#8 నక్షత్రకుడు

అబెరేషన్ తీసేయండి. అది కదిలే పరిశీలకుడికి వస్తువు ఏ దిక్కున ‘కనిపిస్తుందో’ చెప్పే దిద్దుబాటు, టెలిస్కోప్ గురిపెట్టేవాళ్లకు పనికొస్తుంది. మనం జడత్వ చట్రంలో కిరణం మార్గం లెక్కిస్తున్నాం. సురక్షితమైన దారి ఇది: సౌరకుటుంబ ద్రవ్యకేంద్రం మూలబిందువుగా జె2000 అనే ప్రామాణిక జడత్వ చట్రంలో ఏ దిద్దుబాటూ లేని జ్యామితీయ స్థానాలు తీసుకోండి. భూమి మీద సిగ్నల్ అందిన క్షణం నుంచి వెనక్కు లెక్కపెడుతూ నౌక దగ్గరి క్షణం, అక్కడి నుంచి ఇంకా వెనక్కు అప్‌లింక్ బయలుదేరిన క్షణం. రెండు కాలాలనూ మీరే పునరావృతంగా సాధించండి. సూర్యుడి గురుత్వం వల్ల వచ్చే ఆలస్యం కూడా కలపండి.

అప్‌లింక్ ర్యాంప్ మరవకండి. చాలా సెషన్‌లలో స్టేషన్ ఒకే ఫ్రీక్వెన్సీ పంపదు, మెల్లగా మారుస్తూ పోతుంది. అంగారకుడికి వెళ్లొచ్చే కాలం గ్రహాల దూరాన్ని బట్టి 6 నుంచి 44 నిమిషాలు. ర్యాంప్ పట్టికను ఆ పాత క్షణంలో చదవాలి. ఇప్పటి క్షణంలో చదివితే మిగులు ఫ్రీక్వెన్సీ పెద్ద వాలుగా వస్తుంది. బేస్‌లైన్ వేసి ఆ వాలును తుడిచేస్తే ప్రొఫైల్ బాగానే ఉన్నట్టు కనబడుతుంది కూడా. అదే ప్రమాదం.

భూమి తిరుగుడుకు హై ప్రెసిషన్ కర్నెల్ (స్పైస్ డేటా ఫైల్) పెట్టుకోండి. స్టేషన్ అక్షాంశ రేఖాంశాలతో పాటు ఎత్తు కూడా సరిగ్గా ఉండాలి.

#9 డాప్లర్‌దాసు

బేస్‌లైన్ మాట వచ్చింది కాబట్టి మీ 3,000 మిగులు సంగతి.

మిల్లీహెర్ట్జ్ స్థాయిలో ఏ కక్ష్యా అంచనా సున్నాకు రాదు. అయనావరణం పైన, ప్లాస్మా లేని ఎత్తుల్లో మిగులు ఫ్రీక్వెన్సీకి ఒక గీత అమర్చి, దాన్ని కిందిదాకా పొడిగించి తీసేయాలి. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అన్నదే కష్టం. పగటి వైపు అయనావరణం 300 కి.మీ. పైన కూడా ఉండొచ్చు, పైఅంచు రోజురోజుకూ మారుతుంది. 250 నుంచి 400 మధ్య అమర్చితే నిజమైన ప్లాస్మాను బేస్‌లైన్ మింగేస్తుంది. 450 పైన మొదలుపెట్టండి, డేటా ఉన్నంత మేర 800, 1,000 దాకా వెళ్లండి. ఇందుకోసమే ఇంగ్రెస్‌కు కనీసం పది నిమిషాల ముందు నుంచి రికార్డింగ్ ఉండాలి.

ముందు సరళరేఖతో మొదలుపెట్టండి. మిగులులో వంపు స్పష్టంగా కనిపిస్తే రెండో ఘాతం. మూడో ఘాతం జోలికి పోవద్దు. అమర్చిన చోట చక్కగానే ఉంటుంది, 300 కి.మీ. కిందికి పొడిగించగానే ఎటు పోతుందో దానిష్టం. పరీక్ష తేలిక: అమర్చే వ్యవధిని 50 కి.మీ. పైకీ, 50 కిందికీ జరిపి మళ్లీ ఇన్వర్షన్ చేయండి. శిఖరం ఒకటి రెండు శాతం లోపే కదలాలి. 80-100 కి.మీ. దగ్గరి విలువలు గుర్తు మారుతుంటే అక్కడి నుంచి కింద ఏమీ రాయకండి.

#10 స్వర్ణముఖి

ఆ 3,000లో భూమి అయనావరణం వాటా కూడా ఉండొచ్చు. అంగారక పరిశోధకులు దాన్ని ‘నెమ్మదిగా మారే బేస్‌లైన్’ అని కొట్టిపారేస్తుంటారు. మన అక్షాంశాల్లో అది అంత నెమ్మదేమీ కాదు.

మార్గంలోని మొత్తం ఎలక్ట్రాన్‌లు (టెక్) మారే రేటును 40.3తో గుణించి, కాంతివేగం × ఫ్రీక్వెన్సీతో భాగిస్తే డాప్లర్ వస్తుంది. నిమిషానికి 1 టెక్ యూనిట్, అంటే చదరపు మీటరుకు 10^16 ఎలక్ట్రాన్‌లు మారితే ఎక్స్ బ్యాండ్‌లో 2.7 మిల్లీహెర్ట్జ్, ఎస్ బ్యాండ్‌లో 10. శబ్దభేది గారు చెప్పిన నాయిస్‌తో సమానం. స్థిరంగా మారితే బేస్‌లైన్ లాగేస్తుంది. కానీ అయస్కాంత భూమధ్యరేఖకు దగ్గరి స్టేషన్‌లలో సూర్యాస్తమయం తర్వాత ప్లాస్మా బుడగలు లేస్తాయి. వాటి గోడలు కిరణాన్ని దాటేటప్పుడు టెక్ రెండు మూడు నిమిషాల్లోనే పడిపోయి లేస్తుంది. అకల్టేషన్‌లో అంగారక అయనావరణం దాటడానికీ దాదాపు అంతే సమయం. ఏది ఎక్కడిదో తేలదు.

ఇది ఊహాజనితమైన ఇబ్బంది కాదు. బెంగళూరు దగ్గర బ్యాలాలులోని ఇస్రో డీప్ స్పేస్ యాంటెన్నా జపాన్ అకాట్సుకి నౌక నుంచి శుక్రుడి అకల్టేషన్ సిగ్నళ్లను అందుకుంది. ఆ ప్రాంతం అక్షాంశం 13 డిగ్రీలు. తిరుపతి దగ్గర గాదంకి రాడార్ ఏళ్ల తరబడి చూస్తున్న బుడగలు ఈ పక్క ఆకాశంలోవే. స్టేషన్ దగ్గర డ్యూయల్ ఫ్రీక్వెన్సీ జీఎన్ఎస్ఎస్ (జీపీఎస్ లాంటి ఉపగ్రహాల) రిసీవర్ ఉంటే, యాంటెన్నా చూసే దిక్కుకు దగ్గరగా ఉన్న ఉపగ్రహం నుంచి టెక్ తీసుకుని వాలు కోణానికి మార్చి దిద్దండి. రిసీవర్ లేకపోతే ప్రపంచ టెక్ మ్యాపులు ఉన్నాయి. అవి గంటకో రెండు గంటలకో ఒకటి చొప్పున వస్తాయి, బుడగలు పట్టవు. అప్పుడు రాత్రి 7 నుంచి అర్ధరాత్రి మధ్య సెషన్‌లకు జెండా పెట్టి పక్కన ఉంచడమే మంచిది.

#11 పినాకిని

మా డేటా స్టేషన్‌లో స్థానిక సమయం మధ్యాహ్నం. బుడగల బెడద లేదు. టెక్ మ్యాపుతో దిద్ది సరళరేఖ బేస్‌లైన్ 480-900 కి.మీ. మధ్య పెట్టాను. పైన సున్నా చుట్టూ వచ్చింది. కింద రుణాత్మకం మాత్రం అలాగే ఉంది.

#12 మూడో గ్రహం

కింద రుణాత్మకం రావాల్సిందే. అది తప్పు కాదు, గాలి.

ఉపరితలం దగ్గర కార్బన్ డయాక్సైడ్ వక్రీభవన తేడా సుమారు ప్లస్ 3.9 × 10^-6. ప్లాస్మాది రుణాత్మకం, గాలిది ధనాత్మకం. మీ కోడ్ గాలి వల్ల వచ్చిన వంపును కూడా ఎలక్ట్రాన్‌లుగా మారుస్తోంది, గుర్తు తిరగేసి. గాలి పైకి పోయేకొద్దీ సగటున 9.5 కి.మీ. స్కేల్ హైట్‌తో తగ్గుతుందనుకోండి. 60 కి.మీ. దగ్గర అది ఘ.సెం.మీ.కు మైనస్ 12,000 ఎలక్ట్రాన్‌లకు సమానం. 80 కి.మీ. దగ్గర మైనస్ 1,500. మీ 15,000 కూడా ఇదే స్థాయిది. ఒకే ఫ్రీక్వెన్సీ ఉన్నప్పుడు 75-80 కి.మీ. కింద ఎలక్ట్రాన్ సాంద్రత అని దేన్నీ ప్రకటించకండి.

80 నుంచి 90 మధ్య కూడా రుణాత్మకం మిగిలితే దానికి గాలి చాలదు. అక్కడ అనుమానించాల్సింది గోళాకార సౌష్ఠవం. 130 కి.మీ. ఎత్తు దగ్గర కిరణం 10 కి.మీ. మందపు పొరలో సుమారు 530 కి.మీ. నడుస్తుంది. 78 డిగ్రీల జెనిత్ కోణంలో, కిరణం సూర్యుడి వైపుకు సాగుతుంటే ఒక కొసకూ ఇంకో కొసకూ జెనిత్ కోణం 9 డిగ్రీలు తేడా. ఒక చివర సాంద్రత ఎక్కువ, ఇంకో చివర తక్కువ. శిఖరం వరకు అది పెద్దగా బాధించదు. శిఖరం కింద మాత్రం, పైపొరల వాటాను తీసేసినప్పుడు ఎక్కువ తీసేస్తే మిగిలేది సున్నా కిందకు పోతుంది. 85 డిగ్రీలు దాటాక ఇది మామూలే. అక్కడ చాప్‌మన్ సూత్రంలోని సీకెంట్ కూడా పనికిరాదు, గ్రహం వంపును లెక్కలోకి తీసుకునే గ్రేజింగ్ ఫంక్షన్ వాడాలి.

ఒక తనిఖీ: కాలం ప్రకారం కూడా సౌష్ఠవం ఉందా? శిఖరం దగ్గర ప్రధాన అయాన్ ఆక్సిజన్ అణువు అయాన్ (ఓ2 ప్లస్). దాని రీకాంబినేషన్ గుణకం సెకనుకు సుమారు 2 × 10^-7 ఘ.సెం.మీ. లక్ష ఎలక్ట్రాన్‌ల దగ్గర ప్లాస్మా సర్దుకునే కాలం 25 సెకన్లు. కాబట్టి శిఖరం ఏ క్షణానికి ఆ క్షణం సూర్యుణ్ని అనుసరిస్తుంది, గాలులు మోసుకొచ్చే ప్లాస్మా గురించి అక్కడ బెంగ అక్కర్లేదు. 200 కి.మీ. పైన ఈ మాట చెల్లదు.

#13 వాడరేవు

చదువుతున్నాను, బాగుంది. నా ప్రొఫైల్‌లో 88 కి.మీ. దగ్గర చిన్న గుబ్బ, 6,000 ఎత్తు. ఉల్కల పొర అనొచ్చా?

#14 నక్షత్రకుడు

అనొచ్చు. నమ్మించలేరు.

ఆ ఎత్తులో పొర ఉండే మాట నిజమే. మార్స్ ఎక్స్‌ప్రెస్ నౌక అకల్టేషన్‌లలో 2005లోనే 65-110 కి.మీ. మధ్య అప్పుడప్పుడు మూడో పొర కనిపించింది. తర్వాత మేవెన్ నౌక ఆ ప్రాంతంలో మెగ్నీషియం అయాన్‌లను చూసింది. కానీ మీ గుబ్బ అదేనా? బేస్‌లైన్ వ్యవధి జరిపితే గుబ్బ కదులుతుందా, గుర్తు మారుతుందా? 500 కి.మీ. పైన, ఏమీ లేని చోట మీ ప్రొఫైల్‌లో అంతే పెద్ద అలలు ఉన్నాయా? ఉంటే ఇదీ అందులో ఒక అల. సింగిల్ ఫ్రీక్వెన్సీ అయితే 88 దగ్గర గాలి వాటా వందల్లోనే ఉంటుంది, అది ఫర్వాలేదు. ఆ రోజు సౌర ఎక్స్ కిరణాలు ఎలా ఉన్నాయో కూడా చూడండి. ఫ్లేర్ ఉంటే 110 కి.మీ. దగ్గరి కింది పొర ఉబ్బి దాని తోక కిందిదాకా సాగుతుంది.

#15 పినాకిని

రెండు ఫ్రీక్వెన్సీలు ఉన్న నౌక డేటా తీసుకుంటే ఈ బాధలన్నీ పోతాయా?

#16 డాప్లర్‌దాసు

చాలా వరకు. ఎస్, ఎక్స్ రెండూ ఒకే మూలం నుంచి 3:11 నిష్పత్తిలో పుడతాయి. ఎస్ ఫ్రీక్వెన్సీ నుంచి ఎక్స్ ఫ్రీక్వెన్సీలో 3/11 వంతు తీసేయండి. నౌక కదలిక, కక్ష్య దోషం, ఆసిలేటర్ జారుడు, రెండు గ్రహాల గాలీ అన్నీ రద్దు. టూ-వే అయినా అప్‌లింక్ వాటా రెండు డౌన్‌లింక్‌ల్లోనూ అదే నిష్పత్తిలో వస్తుంది కాబట్టి అదీ రద్దు. ఇక 2.38 గొడవ లేదు. మిగిలేది డౌన్‌లింక్ ప్లాస్మా మాత్రమే. పైగా సిగ్నల్ పెద్దది. ఎక్స్‌లో 0.26 హెర్ట్జ్ అయిన చోట ఎస్‌లో 0.95, తేడాలో 0.88.

#17 నక్షత్రకుడు

ఇంత సాఫీగా ఉంటే అందరూ అదే చేసేవాళ్లు. ఎస్ బ్యాండ్‌లో నౌక శక్తి తక్కువ, యాంటెన్నా లాభం తక్కువ. ఎక్స్ 40 డెసిబెల్-హెర్ట్జ్ ఉన్నచోట ఎస్ 30 ఉంటే దాని ఫ్రీక్వెన్సీ దోషం మూడు రెట్లు పైనే. 3.4 రెట్లు పెరిగిన సిగ్నల్ అక్కడే ఖర్చయిపోతుంది. ఫ్రెనెల్ పరిమితి కూడా 420 నుంచి 800 మీటర్లకు పోతుంది. సౌర పవనం, భూమి అయనావరణం ప్లాస్మాయే కాబట్టి తేడాలో రద్దు కావు, ఇంకా పెద్దవవుతాయి. సూర్యుడికి కోణంలో అంగారకుడు దగ్గరైతే డిఫరెన్షియల్ (ఎస్, ఎక్స్‌ల తేడా) అయినా నాయిస్‌లో మునిగిపోతుంది. ఆ నాయిస్‌ను కొలతగా వాడుకునేవాళ్లూ ఉన్నారు. మంగళయాన్ ఎస్ బ్యాండ్ సిగ్నల్‌తో 2015 మే-జూన్ సంయోగ సమయంలో సూర్య కరోనాను పరిశీలించారు.

నా ఓటు: రెండూ ఉంటే రెండింటితో విడివిడిగా ప్రొఫైల్ తీసి పక్కపక్కన పెట్టండి. 100 కి.మీ. పైన కలవకపోతే ఎక్స్ కక్ష్యా అంచనాలో తప్పుంది. 75 కింద విడిపోతే అది గాలి, మంచి సూచన.

#18 డాప్లర్‌దాసు

పక్కపక్కన పెట్టాలన్నది ఒప్పుకుంటాను. తుది ఫలితం మాత్రం డిఫరెన్షియల్ నుంచే ఇస్తాను, 90 కి.మీ. కింద ఇంకో దారి లేదు కనుక.

#19 స్వర్ణముఖి

బయటి తనిఖీ కూడా ఉండాలి. మార్స్ ఎక్స్‌ప్రెస్‌లోని మార్సిస్ రాడార్ 2005 నుంచి పైనుంచి కిందికి సౌండింగ్ చేస్తోంది, 0.1 నుంచి 5.4 మెగాహెర్ట్జ్ దాకా. ప్లాస్మా ఫ్రీక్వెన్సీ హెర్ట్జ్‌లలో 8,980 × √(ఘ.సెం.మీ. సాంద్రత). మీ 81,500కు 2.56 మెగాహెర్ట్జ్. అదే జెనిత్ కోణంలో ఉన్న అయనోగ్రామ్‌లో (రాడార్ ప్రతిధ్వనుల పటంలో) ప్రతిధ్వని ఆగిపోయే ఫ్రీక్వెన్సీ దాని చుట్టుపక్కల ఉండాలి. మార్సిస్ శిఖరం సాంద్రతను బాగా ఇస్తుంది. ఎత్తు మాత్రం మధ్యలోని ప్లాస్మా ఆలస్యాన్ని ఎలా దిద్దారన్న దాన్ని బట్టి మారుతుంది, కాబట్టి ఎత్తుకు దాన్ని ప్రమాణం చేసుకోవద్దు. మేవెన్ లాంగ్‌ముయిర్ ప్రోబ్ (ప్లాస్మాను అక్కడికక్కడే కొలిచే పరికరం) మామూలు కక్ష్యల్లో 150 కి.మీ. దాకా, డీప్ డిప్‌లలో 125 దాకా దిగింది. పైభాగం వాలు సరిచూసుకోవడానికి అది మేలు.

సౌర తుఫాను రోజులు వదిలేయండి. 2017 సెప్టెంబరు 10 ఘటన తర్వాత మార్సిస్ ఉపరితల ప్రతిధ్వనులు రోజుల తరబడి కనిపించలేదు, శిఖరం కింద పుట్టిన ప్లాస్మా వాటిని మింగేసింది. అలాంటి రోజు ప్రొఫైల్‌తో కోడ్ పరీక్షించుకోకూడదు.

#20 పినాకిని

అన్నీ పెట్టాక: శిఖరం 137.5 కి.మీ., 81,000. ఎర్రర్ బార్ ఎలా ఇవ్వాలి? 500 పైన ప్రామాణిక విచలనం 900 వస్తోంది. అదే అన్ని ఎత్తులకూ పెట్టేయనా?

#21 శబ్దభేది

అది కనీస విలువ మాత్రమే. ఏబెల్‌లో పైపొరల దోషం కిందికి జారుతుంది, పక్కపక్క ఎత్తుల దోషాలు ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. మాంటే కార్లో చేయండి. 500 పైన మిగులు ఫ్రీక్వెన్సీ నాయిస్‌ను, దాని వర్ణపటం చెడకుండా, కొలిచిన సిగ్నల్‌కు కలిపి కొన్ని వందలసార్లు ఇన్వర్షన్ నడపండి. ప్రతిసారీ బేస్‌లైన్ మళ్లీ అమర్చాలి, వ్యవధి అంచులను కూడా యాదృచ్ఛికంగా 50 కి.మీ. అటూఇటూ కదపాలి. తెల్ల నాయిస్ పెడితే బార్ కృత్రిమంగా చిన్నదవుతుంది. సౌర పవనం నాయిస్ తక్కువ ఫ్రీక్వెన్సీల్లో బరువుగా ఉంటుంది.

ఇన్వర్షన్‌లో ఇంకోటి: సమాకలనానికి కింది అంచున హారం సున్నా అవుతుంది. ట్రెపిజాయిడ్ పద్ధతి అక్కడ గట్టిగా దెబ్బతింటుంది. వంపు కోణాన్ని రెండు పాయింట్ల మధ్య సరళరేఖగా తీసుకుని ప్రతి ముక్కకూ కచ్చితమైన సమాకలనం రాయండి. సరిచూసుకోవడానికి చాప్‌మన్ పొర నుంచి ముందుకు వంపు కోణాలు లెక్కించి, మీ కోడ్‌కు ఇవ్వండి. పెట్టిన శిఖరం 0.1 శాతం లోపు తిరిగి రాకపోతే మాంటే కార్లో దాకా వెళ్లనవసరం లేదు, ముందు అది బాగుచేయాలి.

#22 నక్షత్రకుడు

ఆ చాప్‌మన్ పరీక్షలోనే 2.38 కూడా పెట్టి ఫ్రీక్వెన్సీ స్థాయి నుంచి మొదలుపెట్టండి, వంపు కోణం నుంచి కాదు. కోడ్ రెండు చోట్ల భాగిస్తుంటే అప్పుడే బయటపడుతుంది.